గడువు ముగిసినా తిరిగిరాని వైద్యుడు

రాజధానిలో విదేశీ అతిథుల రాకకు ఒక తంతు ఉన్నది. రాష్ట్రపతి భవన్ ముంగిట సైనిక వందనం, రాజ్‌ఘాట్‌లో పుష్పాంజలి, హైదరాబాద్ హౌస్‌లో చర్చలు, సాయంత్రం విందు. వచ్చినవారు చైనా నాయకులైతే ఈ తంతుకు మరొక అంశం జతపడుతుంది. మహారాష్ట్రకు చెందిన ఒక సామాన్య కుటుంబానికి కబురు వెళ్లుతుంది. ఆ ఇంటి వృద్ధులు వస్తారు, అతిథి వారికి ఎదురు వెళ్లి చేతులు కలుపుతారు, ఛాయాగ్రాహకులు తమ పని ముగించుకుంటారు. 2006లో హు జింటావో బొంబాయిలో వారిని కలుసుకున్నారు. 2014లో షీ జిన్‌పింగ్ ఇక్కడ, ఢిల్లీలోనే, ఆ ఇంటి ఆడపడుచుకు నమస్కరించారు. అప్పటికి ఆమెకు తొంభై ఏళ్లు దాటాయి. ఆ కుటుంబం డాక్టర్ ద్వారకానాథ్ శాంతారామ్ కోట్నిస్‌ది. ఆమె ఆయన చెల్లెలు.

ఈ దృశ్యాన్ని గురించి వార్త పంపిన విలేఖరులలో నేనూ ఒకడిని. ఐతే ఆ వైద్యుని గురించి ఈ శీర్షికలో ఒక్క వారమైనా వ్రాయలేదు. వ్రాయబోయి మానుకున్న సందర్భం ఒకటి ఉన్నది. 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది అమరులైనారు. వారికి నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఆ దుఃఖం ఇంకా పచ్చిగా ఉండగానే, ఆగస్టు నెలాఖరున, ఉత్తర చైనాలోని ఒక వైద్య పాఠశాల ముంగిట కోట్నిస్ కంచు విగ్రహాన్ని ప్రతిష్ఠించనున్నారని వార్త వచ్చింది. ఆ వారం కోట్నిస్‌ను గురించి వ్రాయాలని కూర్చున్నాను. రెండు పేరాలు ముగిశాక కలం కదలలేదు. చైనీయుల కోసం ప్రాణాలర్పించిన భారతీయుని కథను సూర్యాపేట పాఠకుని చేతికి ఏ ముఖం పెట్టుకొని అందించాలో నాకు తోచలేదు. ఆ కాగితాలు సొరుగులోనికి వెళ్లిపోయాయి.

ఆనాటి నా సంకోచం సరియైనది కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. అందుకు కారణం చెప్పాలంటే కథను మొదటినుంచి చెప్పక తప్పదు.

సికింద్రాబాదు నుంచి బొంబాయికి రైలులో పోయే తెలుగువారికి షోలాపూర్ కొత్త ఊరు కాదు. దుప్పట్లకు, తువ్వాళ్లకు పేరుపడిన ఈ పట్టణానికి తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు తరతరాలుగా వలసపోయి మగ్గాలు వేసుకున్నారు. ఒకసారి అక్కడ దిగి తిరిగినప్పుడు, మరాఠీ మాటలకు చెవులు సిద్ధం చేసుకొని వెళ్లిన నాకు సందు సందునా తెలుగే వినిపించింది. ఆ ఊళ్లోనే 1910 అక్టోబరు 10వ తేదీన ఒక దిగువ మధ్యతరగతి కుటుంబంలో కోట్నిస్ జన్మించారు. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు స్మారక మందిరంగా ఉన్నది.

ఆయన యౌవనంలో అడుగుపెట్టిన నాటి షోలాపూర్ సామాన్యమైన పట్టణం కాదు. 1930 మే నెలలో గాంధీజీ అరెస్టుతో అక్కడి ప్రజలు తిరగబడ్డారు. ఊరు కొద్దిరోజులు తెల్లదొరల చేతినుంచి జారిపోయింది. ప్రభుత్వం సైనిక శాసనం విధించింది. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్దా అనే నలుగురిని 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరితీసింది. వైద్యం చదువుతున్న కుర్రవాని మనసుపై సొంత ఊరి ఉరికొయ్యలు ఎట్టి ముద్ర వేశాయో ఊహించడం కష్టం కాదు. కోట్నిస్ బొంబాయిలోని సేఠ్ జి.ఎస్. వైద్య కళాశాలలో చదివి డాక్టరైనారు. ఆ దారి వెంటే నడిచి ఉంటే పై చదువు, నగరంలో ప్రాక్టీసు, ఇంటికి ఊరట అన్నీ సమకూడి ఉండేవే.

1937 జూలై 7న పెకింగ్ సమీపంలోని మార్కోపోలో వంతెన వద్ద మొదలైన ఘర్షణను ఆసరాగా తీసుకొని జపాను చైనాపై పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. చైనా సైన్యాలకు గాయాలకు కొదువలేదు, వైద్యులకే కొదువ. ఎనిమిదవ రూట్ సైన్యాధిపతి జనరల్ చూ టే వైద్య సహాయం కోరుతూ జవహర్‌లాల్ నెహ్రూకు లేఖ వ్రాశారు. 1938లో కాంగ్రెసు అధ్యక్షుడుగా ఉన్న సుభాష్ చంద్ర బోసు ఆ కోరికను దేశప్రజల ముందుంచారు. ఆ జూలైలో చైనా దినం పాటించి విరాళాలు పోగుచేశారు. పోగైన మొత్తం 22,000 రూపాయలు.

ఈ అంకెను పాఠకులు ఒక్క క్షణం పరికించాలి. అప్పటికి మనకు సొంత ప్రభుత్వం లేదు. విదేశాంగ శాఖ మనది కాదు, సైన్యం మనది కాదు, ఏ దేశంలోనూ మన రాయబారి లేడు. బానిస దేశపు రాజకీయ సంస్థ ఒకటి చందాలెత్తి, ఒక అంబులెన్సును, మందులను, ఐదుగురు వైద్యులను సమకూర్చి, దాడికి గురైన మరొక దేశానికి పంపించింది. స్వతంత్ర భారత విదేశాంగ నీతిని గురించి ఇక్కడి సదస్సులలో అనేక ఉపన్యాసాలు విన్నాను. ఆ నీతి తొలి పాఠాలలో ఒకటి ఈ 22,000 రూపాయల లెక్కల్లో ఉన్నదని ఏ వక్తా చెప్పగా వినలేదు.

దళ నాయకుడు అలహాబాదుకు చెందిన డాక్టర్ మదన్ మోహన్‌లాల్ అటల్. స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లికను పక్షాన వైద్యసేవ చేసివచ్చిన అనుభవం ఆయనకు ఉన్నది. నాగపూరు నుంచి డాక్టర్ చోల్కర్, కలకత్తా నుంచి డాక్టర్ విజయకుమార్ బసు, డాక్టర్ దేవేశ్ ముఖర్జీ, షోలాపూర్ నుంచి కోట్నిస్. 1938 సెప్టెంబరు 1న బొంబాయి రేవులో రాజపుటానా అనే ఓడ ఎక్కేనాటికి కోట్నిస్‌కు ఇంకా 28 ఏళ్లు నిండలేదు. వెళ్లేది ఒక ఏడాది సేవకని అందరి భావన.

సెప్టెంబరు 17న కాంటన్‌లో దిగిన భారతీయ వైద్యులకు సన్ యట్ సేన్ భార్య సూంగ్ చింగ్ లింగ్ స్వాగతం చెప్పారు. అక్కడి నుంచి హాంకౌ చేరి, రెడ్‌క్రాస్ అజమాయిషీలో పని మొదలుపెట్టారు. ఐతే యుద్ధం వారిని ఒకచోట నిలువనీయలేదు. అక్టోబరు నెలాఖరులోగా కాంటన్, హాంకౌ రెండూ జపాను వశమైనాయి. సైన్యంతో, శరణార్థులతో పాటు వైద్యులు కూడా యాంగ్సీ నది వెంబడి ఎగువకు, చుంగ్‌కింగ్‌కు తరలిపోయారు. అక్కడ ఉండగానే కోట్నిస్‌కు తండ్రి మరణవార్త అందింది. ఇంటికి వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టి ఉండరు. ఆయన వెళ్లలేదు.

చుంగ్‌కింగ్ ప్రభుత్వంతో ఎనిమిదవ రూట్ సైన్యానికి అప్పట్లో పేరుకు పొత్తు ఉండేది. గాయపడినవారు ఎక్కువ, వైద్యులు తక్కువ ఉన్న చోటికే తాము పోవాలని మన వైద్యులు పట్టుబట్టారు. 1939 ఫిబ్రవరి 12న కమ్యూనిస్టుల కేంద్రమైన యెనాన్ చేరారు. పసుపుపచ్చని మట్టికొండలను తొలిచి గుహలు చేసి, ఆ గుహలలో ఇళ్లు, పాఠశాలలు, ఆసుపత్రులు నడుపుతున్న ఊరు అది. మావో సే టుంగ్ వారిని కలుసుకున్నారు. ఐదుగురి చైనా పేర్లకూ చివర చైనా దేశాన్ని సూచించే హువా అనే మాట చేర్చారు. కోట్నిస్ కే తి హువా అయినారు.

ఏడాది గడువు దగ్గరపడింది. చోల్కర్, ముఖర్జీ అనారోగ్యం వల్ల 1939లోనే తిరిగివచ్చారు. అటల్ 1940లో వెనుదిరిగారు. వారి సేవ తక్కువది కాదు. ఒప్పుకున్న పని చేసి వచ్చిన వారిని చిన్నచూపు చూడడం అన్యాయం. మిగిలిన ఇద్దరు, బసు, కోట్నిస్, శత్రువు వెనుక భాగంలో ఉన్న వూటాయ్ కొండల ప్రాంతానికి కాలినడకన, గుర్రాలపైన, జపాను కాపలాలను తప్పించుకుంటూ వెళ్లారు.

కెనడా శస్త్రవైద్యుడు నార్మన్ బెథూన్ పనిచేసిన సీమ అది. శస్త్రచికిత్స చేస్తూ వేలు తెగి, ఆ గాయం చీము పట్టి రక్తం విషమై, 1939 నవంబరు 12న ఆయన మరణించారు. ఆయన పేర వెలసిన అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు 1941 జనవరిలో కోట్నిస్‌ను అధిపతిగా నియమించారు. వైద్యశాల అనగానే పాఠకుల కళ్లకు కట్టే మేడలు, వార్డులు అక్కడ లేవు. పల్లెల్లోని రైతుల ఇళ్లే వార్డులు. తలుపుచెక్కలే శస్త్రచికిత్స బల్లలు. జపాను సేనలు వస్తున్నాయని కబురందితే రోగులతో సహా ఆసుపత్రి మొత్తం రాత్రికి రాత్రి కొండదారి పట్టవలసినదే. శస్త్రసామగ్రిని కంచరగాడిదలపై మోయించి పోరాటం జరిగే చోటికే వైద్యుడు చేరాలన్నది బెథూన్ నేర్పిన పద్ధతి. తూటా దెబ్బ తిన్నవానిని రెండు రోజులు మోసుకు వచ్చేలోగా గాయం కుళ్లుతుంది, అప్పుడు కాలు తీసివేయడం తప్ప గత్యంతరం ఉండదు. అదే వైద్యుడు కొద్ది మైళ్ల దూరంలో ఉంటే కాలూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది.

ఈ పద్ధతికి ఆయన చెల్లించిన మూల్యం శారీరకమైనది. 1940లో పదమూడు రోజులు సాగిన ఒక పోరాటంలో కోట్నిస్ ఉన్న వైద్యకేంద్రానికి 800 మందికి పైగా క్షతగాత్రులు వచ్చారు. ఒక దశలో 72 గంటలు కన్ను మూయకుండా ఆయన కత్తి పట్టి నిలిచారని చెబుతారు. బొంబాయిలో చదివిన చదువులో సగానికి అక్కడ ఆధారం లేదు. ఎక్స్‌రే లేదు, మత్తుమందు చాలదు, దిగ్బంధం వల్ల మందులు రావు. మరుగుతున్న నీళ్లు, ఉతికి మళ్లీ వాడే కట్టుగుడ్డలు, వ్రేళ్ల స్పర్శతో తూటా జాడ కనిపెట్టే నేర్పు, ఇవే ఆయుధాలు. నగర వైద్యుని పాండిత్యాన్ని విడమరచి, అందులో పల్లెకు పనికివచ్చే భాగాన్ని వేరుచేసి చూపగలిగినందువల్లనే ఆయన అక్కడ నిలదొక్కుకున్నారని నాకు అనిపిస్తుంది.

చైనా భాషను ఆయన పాఠం చెప్పగల స్థాయికి నేర్చారు. బెథూన్ పేరిట నడిచే వైద్య పాఠశాలలో రైతుబిడ్డలకు శస్త్రవైద్యం బోధించారు, వారికోసం వారి భాషలోనే పాఠ్యగ్రంథం వ్రాయడానికి పూనుకున్నారు. వేలాది గాయాలకు ఇద్దరు విదేశీ వైద్యులు ఏ మూలకు? తాను లేని నాడు కూడా చికిత్స సాగాలంటే నేర్చినవారు పదిమంది తయారు కావాలి. విదేశాలకు వెళ్లి సేవ చేసివచ్చే నేటి వైద్యబృందాలు రోగుల సంఖ్యను నివేదికలలో ఘనంగా చూపుతాయి. అక్కడివారికి నేర్పివచ్చినదెంత అన్న లెక్కకు ఆ నివేదికలలో చోటు అరుదు. కోట్నిస్ మొదట చూసినది ఆ లెక్కనే.

బెథూన్ సమాధి ప్రారంభోత్సవంలో ఆయన కువో చింగ్ లాన్ అనే యువతిని చూశారు. ఆమె నర్సుల శిక్షణ చూసే ఉపాధ్యాయిని. 1941 చివర ఇద్దరూ వివాహమాడారు. 1942 ఆగస్టు 23న కొడుకు పుట్టాడు. సీమ సైన్యాధిపతి నియే జుంగ్‌చెన్ ఆ బిడ్డకు యిన్ హువా అని పేరు సూచించారు. యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. అదే ఏడాది కోట్నిస్ చైనా కమ్యూనిస్టు పార్టీలో చేరారు. ఢిల్లీ వేదికలపై ఆయనను కీర్తించేవారు ఈ విషయాన్ని మెల్లగా దాటవేస్తారు. దాచవలసిన పని లేదు. ఆయన తటస్థ వైద్యుడుగా వెళ్లి తటస్థుడుగా మిగలలేదు. దురాక్రమణకు గురైనవారి పక్షం వహించారు, ఆ పక్షాన పోరాడుతున్న పార్టీలో సభ్యులైనారు. ఆ పార్టీ తరువాత అధికారంలో ఏమి చేసినదన్నది వేరే చర్చ. దానికి జవాబుదారీ 1942లో మరణించినవాని తలకు చుట్టరాదు.

తిండి చాలక, నిద్ర లేక శరీరం చితికిపోయింది. మూర్ఛ రాసాగింది. చికిత్సకోసం వెనుకకు వెళ్లమని పై వారు చెప్పినా ఆయన వినలేదంటారు. 1942 డిసెంబరు 9న, హోపే రాష్ట్రం తాంగ్ మండలంలోని ఒక పల్లెలో, వరుసగా వచ్చిన మూర్ఛలతో ఆయన కన్నుమూశారు. వయస్సు 32. కొడుకుకు నాలుగు నెలలైనా నిండలేదు. మావో సే టుంగ్ స్వహస్తాలతో సంతాప సందేశం వ్రాశారు.

ఇక్కడ ఆయనను పూజించేవారికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. తన రోగికి మూర్ఛ వస్తే ఏ వైద్యుడైనా విశ్రాంతి తీసుకోమనే చెబుతాడు. కోట్నిస్ తనకు తాను ఆ చీటీ వ్రాసుకోలేదు. దానిని త్యాగమనాలో, తప్పనాలో నేను తేల్చలేను. తాను కదిలితే ఆ కొండల్లో తన స్థానం నింపగలవారు అతి తక్కువ అన్న సంగతి మాత్రం ఆయనకు తెలుసు.

మరణం తరువాత మనిషి మరుగునపడి గాథ ముందుకు వస్తుంది. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ ఆయన జీవితంపై పుస్తకం వ్రాశారు. దాని ఆధారంగా వి. శాంతారామ్ 1946లో హిందీ చిత్రం నిర్మించి, తానే కథానాయకుడుగా నటించారు. ఆ చిత్రంలో వైద్యుడు ప్లేగుతో పోరాడి ప్లేగుకే బలియౌతాడు. నిజంగా ఆయనను బలిగొన్నది మూర్ఛరోగం, దాని వెనుక నిద్రలేని రాత్రులు. చరిత్ర వేసిన చిక్కుముడి ఇంకొకటి ఉన్నది. జపాను దురాక్రమణకు ఎదురొడ్డిన చైనాకు 1938లో వైద్యులను పంపిన సుభాష్ బోసు, 1943లో ఆ జపాను తోడ్పాటుతోనే ఆజాద్ హింద్ ఫౌజ్‌కు నాయకత్వం వహించారు. అప్పటికి కోట్నిస్ లేరు. ఉండి ఉంటే ఆ ఇరువురిలో ఎవరు దేశభక్తుడని అడిగే పత్రికలు ఎన్ని బయలుదేరేవో!

1962లో నేను బడిపిల్లవాణ్ణి. ఆ అక్టోబరులో మా బడిలో రక్షణనిధికి పైసలు పోగుచేసిన జ్ఞాపకం ఉన్నది. చైనాను మిత్రుడుగా తలచిన వారిపై అనుమానపు చూపు పడిన రోజులవి. ఇక్కడ స్నేహసభలు మూతపడ్డాయి, అక్కడ ఆయన భార్య, కొడుకు ఉండిపోయారు. యిన్ హువా తండ్రి బాటలో వైద్యవిద్య చదువుతూ 1967లో, పట్టా చేతికి రాకముందే, చికిత్సలో జరిగిన పొరపాటు వల్ల మరణించాడు. రెండు దేశాల పేర్లు కలిపి పెట్టిన బిడ్డ ఇరవై అయిదేళ్లు కూడా జీవించలేదు. చింగ్ లాన్ 2012లో చనిపోయేవరకు షోలాపూర్ అత్తవారితో బంధుత్వం తెంచుకోలేదు. ఇటు డాక్టర్ బసు కలకత్తాలో ఆక్యుపంక్చరు వైద్యాన్ని ప్రచారంలోకి తెచ్చి, సహచరుని స్మారక సంఘాన్ని నిలబెట్టారు. ప్రభుత్వాలు మాటలాడుకోని కాలంలో ఈ ఇద్దరి వల్లనే ఆ పేరు నిలిచింది.

ఇక నా సంకోచానికి వస్తాను. కోట్నిస్‌ను తలచుకోవడమంటే గల్వాన్‌ను మరచిపోవడమని నేను 2020లో పొరబడ్డాను. విందు బల్లలపై ఆయన పేరును వాడుకునే తీరు నన్ను ఆ పొరబాటులోనికి నెట్టింది. ఆయనను స్నేహానికి చిహ్నమంటారు, ఆ చిహ్నాన్ని చూపి సరిహద్దు ప్రశ్నను పక్కకు నెడతారు. కాని ఆయన చేసిన పని ఏమిటి? ఒక దేశం సైన్యం మరొక దేశం నేలపై అడుగుపెడితే, గాయపడినవారి పక్కన నిలబడడం. ఈ న్యాయం 1938లో చైనాకు ఎంత వర్తించిందో, మన నేలకూ అంతే వర్తిస్తుంది. కోట్నిస్ పేరు చెప్పి మనల్ని మౌనంగా ఉండమనే హక్కు ఏ అతిథికీ లేదు. పెకింగ్ ప్రభుత్వంపై కోపంతో ఆయనను విస్మరించే హక్కు మనకూ లేదు. షోలాపూర్ వైద్యునీ, సూర్యాపేట సైనికునీ ఒకే త్రాసులో తూచడం నా ఉద్దేశం కాదు. తమకు అప్పగించిన చోటును విడిచిరాని ఇద్దరిని ఒకే మనసులో ఉంచుకోవడం తెలుగు పాఠకునికి అసాధ్యం కాదని మాత్రమే అంటాను.

ఇప్పుడు మన పిల్లలు వైద్యవిద్య కోసం చైనాకే వెళ్లడం చూస్తున్నాము. 2020లో కోవిడ్ కారణంగా తిరిగివచ్చిన అట్టి విద్యార్థులు, వారిలో మన తెలుగు బిడ్డలు కూడా, రెండేళ్లకు పైగా వీసాల కోసం పడిగాపులు కాశారు. రెండు ప్రభుత్వాల నడుమ వారి చదువు నలిగిపోయింది. వారి పక్షాన గట్టిగా మాట్లాడిన సంస్థలు తక్కువ. ఒక బానిస దేశం చందాలతో ఐదుగురు వైద్యులను పంపగలిగినది. ఇద్దరు సర్వసత్తాక ప్రభుత్వాల పెద్దలకు వేలాది వైద్య విద్యార్థులను వారి తరగతులకు చేర్చడానికి అంతకాలం పట్టింది. తరువాతి విందులో ఎవరైనా కోట్నిస్ పేరు ఎత్తినప్పుడు ఈ సంగతి కూడా వారికి గుర్తుచేయాలి.

2020లో సొరుగులో పడవేసిన ఆ రెండు పేరాలను నిన్న వెతికి తీశాను. వాటిలో ఒక్క వాక్యమైనా ఇక్కడ వాడుకోలేకపోయాను. అవి రెండు దేశాల స్నేహాన్ని గురించి వ్రాసినవి. నేను వ్రాయవలసినది గడువు ముగిసినా తన రోగులను వదలిరాని ఒక వైద్యుని గురించి.